గుర్తు లేదన్న వకీలు

ఆయన పోయిన మూడో రోజున గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, చిరునవ్వు. వెనకాల నెత్తిన లైట్లు పెట్టుకున్న గని కార్మికుల గుంపు. ఆ గుంపును ఎవరో కంప్యూటర్లో అతికించారు. అందరి మొహాలకూ మసి సమంగా పూశారు, పెళ్లికొడుక్కి పసుపు పూసినట్టు. పైన పెద్ద అక్షరాల్లో "కార్మిక బాంధవునికి కన్నీటి నివాళి". కింద గుండ్రటి బొమ్మల్లో ఫ్లెక్సీ కట్టించిన వాళ్ల మొహాలు. ఎడమ నుంచి రెండోది ఒక మట్టి కాంట్రాక్టరుది.

కోర్టుకు పోతున్నదాన్ని ఆ మొహం చూసి అక్కడే ఆగిపోయాను. నిచ్చెన మీద నిలబడి తాళ్లు బిగిస్తున్న మనిషి కిందికి చూసి, "మస్తు మంచోడు అక్కా సార్. అసొంటోళ్లు ఇగ పుట్టరు," అన్నాడు.

ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఏ పార్టీయో, ఏ సీటో కూడా చెప్పను. భయపడి కాదు. పేరు రాస్తే ఇది కూడా ఇంకో నివాళి అయిపోతుంది. పేరు ఊరి నిండా వేలాడుతోంది, అది చాలు. ఇక్కడ ఆయన వకీలు సాబే. మా బస్తీలో అందరం అట్లనే పిలిచాం.

ఆయన మంథని మనిషి. గుడి సేవ, బడి పంతులు కొలువు తప్ప మూడో పని ఎరగని ఇల్లు. వకాలత్ చదివి, మంథనిలోనే భూమి తగాదాలు వాదించుకుంటూ హాయిగా బతకొచ్చు. అట్లా కాకుండా ఈ మసి ఊరికి వచ్చి, కంపెనీ క్వార్టర్ల ఎదురుగా రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. జడ్జితో పుస్తకం భాష మాట్లాడేవాడు, సాక్షితో మా భాష. "అయ్యగారి బిడ్డ మన మాట ఎంత జల్ది నేర్చిండే," అని మా అవ్వ, నన్ను కన్నతల్లి, ముచ్చటపడేది.

కేసు కాగితాలు ముట్టుకునే ముందు ఆయన చేతులు కడుక్కునేవాడు. గుమ్మం పక్కన ఇత్తడి చెంబు, తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. ఎవరైనా నవ్వితే, "నవ్వకుండ్రి. సగం ఇవి సచ్చిపోయినోళ్ల కాయితాలు. మైల చేతులతోని ముట్టద్దు," అనేవాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకొని, వాటి కోసమే టేబులంతా వెతికేవాడు. నల్లకోటుకు దుమ్ము అంటకూడదని మడిచి చేతిమీద వేసుకొని నడిచేవాడు గానీ, కక్షిదారు ఇంటికి పోతే బొగ్గుపొడి నిండిన నులక మంచం మీద తెల్ల ప్యాంటుతో కూర్చునేవాడు. జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది, మొదటి ముక్క వచ్చిన మనిషికి ఇచ్చేవాడు. "ఆకలి మీదున్నోడు నిజం చెప్పడు బిడ్డా. జల్ది ఇంటికి పోయే మాట చెప్తడు," అని ఒకసారి నాతో అన్నాడు.

ఇవన్నీ అబద్ధాలైతే బాగుండేది. నాకు ఇంత కోపం ఉండేది కాదు.

మా బాపు బొగ్గు కోసే కార్మికుడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మొదటి షిఫ్టుకు పోయి తిరిగి రాలేదు. కిందనే ఊపిరాడక పడిపోయాడని తోటివాళ్లు చెప్పారు. గని అధికారి మాత్రం వేరే చెప్పాడు. బాపు పానం బాగలేదని మధ్యలోనే పైకి వచ్చి, తనంతట తను ఇంటికి బయలుదేరి, మోరీ దగ్గర రోడ్డు మీద పడిపోయాడట. అంటే డ్యూటీలో చనిపోలేదు. అంటే మాకు ఏ హక్కూ లేదు. కళ్లతో చూసినవాళ్లకు ఉద్యోగాలు ఉన్నాయి, పిల్లలున్నారు. బస్తీలో చెప్పినంత గట్టిగా కోర్టులో ఎవరు చెప్తారు?

ఇద్దరు వకీళ్లు రుజువేదమ్మా అని పంపించేశారు. మూడో మనిషి ఈయన. కాగితాలు అడగలేదు. మా ఇంటికి వచ్చి గచ్చు మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఆనాడు ఆయన గిన్నెల ఏం కట్టిచ్చినవ్?" అని అడిగాడు.

"జొన్నరొట్టె, పచ్చిపులుసు," అంది అవ్వ.

"గిన్నె ఇంటికి తిరిగొచ్చిందా?"

"రాలే సారూ."

ఆయన తల ఊపాడు. ఇంటికి పోయే మనిషి గిన్నె కింద వదిలి రాడు. అప్పటిదాకా ఏడుస్తూ ఉన్న మా అవ్వ, ఆ క్షణాన ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది. చనిపోయిన మనిషి మాట వినే వాడు ఒకడు దొరికాడని ఆమెకు అర్థమైంది.

గనిలోకి దిగే ప్రతి మనిషీ లైటు గది కిటికీలో టోకెన్ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. దాని బ్యాటరీ నడుముకు కట్టుకుంటాడు. పైకి రాగానే అదే కిటికీలో తిరిగి ఇచ్చేయాలి. ఇది ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ లైటు గది గుమాస్తాను వకీలు సాబ్ సాక్షిగా పిలిపించాడు. రిటైరుమెంటుకు దగ్గరపడిన ముసలాయన. గని అధికారి కోర్టు హాల్లోనే ముందు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ముసలాయన బోనులో నిలబడి ఆ కుర్చీ వైపే చూస్తున్నాడు. నేనూ అవ్వా వెనక బెంచీ మీద ఉన్నాం.

వకీలు సాబ్ నడుచుకుంటూ పోయి, ఆ చూపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇప్పుడు ముసలాయనకు అధికారి కనపడడు.

"కాకా," అన్నాడు మెల్లగా. "ఆనాడు ఆయన లైటు నీకు తిరిగి ఎవరిచ్చిన్రు?"

ముసలాయన పెదాలు తడుపుకున్నాడు.

"ఎవరియ్యలే సార్. స్ట్రెచర్ మీద ఆయన నడుముకే ఉండె. నేనే ఇప్పిన."

వకీలు సాబ్ వచ్చి కూర్చున్నాడు. అంతే. అవతలి వకీలు ఎన్ని అడిగినా ఆ నడుమూ ఆ లైటూ కదల్లేదు. కేసు గెలిచాం.

బయటికి వచ్చాక, "ఇంక ఏం అడగకపోతిరేంది సార్?" అన్నాను. అంత పెద్దాయనతో అది నా మొదటి మాట.

"ప్రశ్న ఒక్కటే ఉండాలె బిడ్డా. రెండోది మన భయం," అన్నాడు.

అవ్వ ఆయన ఫోటోను దేవుని గూట్లో పెట్టలేదు గానీ అంత పనీ చేసింది. శనివారం శనివారం జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టి నాతో పంపేది. ఆయన మంథని వంటింటి మనిషి. ఆ గట్టి రొట్టె నమలడం ఆయనకు కష్టం. అయినా మా ఎదురుగానే తినేవాడు. నేను ఇంటర్ అయ్యి, టైపు పరీక్ష పాసైన ఏడు, తన ఆఫీసులో కిటికీ పక్కన నాకొక టేబుల్ వేయించాడు. అక్కడ పదకొండేళ్లు కూర్చున్నాను. ఈ ప్రాంతంలో ఎవరు ఎట్లా చనిపోయారో, ఎవరి భూమి ఏ గుంత కింద పోయిందో, అన్నీ ఈ వేళ్ల మీదుగానే వెళ్లాయి.

ఆయన ఎన్నికల్లో మొదటిసారి నిలబడినప్పుడు మా దగ్గర ఒక్క రిక్షా, ఒక్క మైకు. గని గేటు దగ్గర షిఫ్టు మారే వేళ రెండే నిమిషాలు మాట్లాడేవాడు. "డ్యూటీ దిగొచ్చినోన్ని ఎండల నిలవెట్టద్దు," అని తానే మైకు కట్టేసేవాడు. ఓడిపోయాడు. రెండోసారి శ్రీరాంపూర్ దాకా, మందమర్రి దాకా తిరిగాడు. మళ్లీ ఓడిపోయాడు. అప్పుడు కూడా మరునాడు పొద్దున చెంబులో నీళ్లు పోసుకొని చేతులు కడుక్కొని, "ఇగ ఆ డిస్మిస్ కేసు తియ్యి బిడ్డా," అన్నాడు.

మూడోసారి పెద్ద పార్టీ టికెట్ వచ్చింది. రిక్షా పోయి జీపులు వచ్చాయి. ఆ జీపుల తలుపుల మీద పేరు కనపడకుండా కాగితాలు అతికించి ఉన్నాయి. ఒకదాని కాగితం ఊడిపోతే చదివాను. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టరు పేరు.

"సార్, గీ జీపులు ఆయనవా?" అని అడిగాను.

"ఎవరివైతేంది బిడ్డా. మనల్ని మోస్తున్నయి కదా," అన్నాడు.

ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. గెలిచిన రోజు గులాల్ చల్లుకొని నేను కూడా ఎగిరాను. ఇది దాచను.

మనిషి మారడం ఒక్కరోజులో కనపడదు. నాకు మొదట ఆయన ప్రశ్నల్లో కనపడింది. ఒక్క ప్రశ్న వేసి జవాబు కోసం ఎంతసేపైనా ఎదురుచూసే మనిషి, ఇప్పుడు ఒక్క ఊపిరిలో నాలుగు వేసేవాడు. "ఏమమ్మా బాగున్నరా, పిల్లలు బాగున్నరా, పనైందా, ఫికర్ చెయ్యకుండ్రి." చివరి మాటకు వచ్చేసరికి చెయ్యి పక్క మనిషి భుజం మీద ఉండేది. చెంబు ఎక్కడికో పోయింది. నన్ను బిడ్డా అనడం కూడా మానేశాడు. నేనూ "అమ్మా"నే అయిపోయాను, దారిన పోయే అందరిలాగా.

ఒక శనివారం అవ్వ తానే రొట్టెలు తీసుకొని ఆయన బంగళాకు పోయింది. గన్‌మన్ ఆ మూట తీసుకొని చెప్పుల స్టాండు మీద పెట్టాడట. సాయంత్రం దాకా కూర్చొని లేచి వచ్చింది. "బిజీ ఉన్నడు బిడ్డా. ఎంత మందని సూస్తడు," అంది. నాకు ఆ రోజే పోయి ఆ బంగళా గేటు తన్నాలనిపించింది. తన్నలేదు. మరునాడు పోయి టేబుల్ దగ్గర కూర్చున్నాను.

ఆ తర్వాత ఏడాదికి అది జరిగింది.

ఓపెన్‌కాస్ట్ గుంత అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర పనిచేసే ఒక మనిషి మీద మట్టి కట్ట జారింది. కంపెనీ పర్మినెంటు మనిషి కాదు, ఆ జీపుల కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. కాసిపేట వైపు పల్లె. భార్యకు ఇరవై ఆరేళ్లు, చంకలో పాప. ఊరివాళ్లు శవాన్ని దవాఖాన నుంచి కదలనివ్వకుండా కూర్చున్నారు. వకీలు సాబ్ ఇప్పుడు ఎమ్మెల్యే కదా, రాజీ చేయించడానికి వచ్చాడు. ల్యాప్‌టాప్ పట్టుకొని రమ్మని నాకు కబురు పంపాడు.

దవాఖాన పక్కన ఒక గదిలో కూర్చున్నాం. టేబుల్ మీద పచ్చ అట్ట పుస్తకం ఒకటి ఉంది. పంపు పనివాళ్ల హాజరు పుస్తకం. సూపర్‌వైజర్ తెచ్చిపెట్టాడు. వకీలు సాబ్ దాన్ని తెరిచాడు. వేలు పెట్టి ఒక వరుస చూశాడు. ఆయన పక్కనే ఉన్నాను, నేను కూడా చూశాను. ఆ రోజు గళ్లో ఆ మనిషి పేరు ఎదురుగా టిక్కు ఉంది. ఆయన పుస్తకం మూసి, మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చివరిదాకా తీయలేదు.

"రాయమ్మా," అని చెప్పడం మొదలుపెట్టాడు. "సదరు వ్యక్తి ఆ రోజు డ్యూటీలో లేడు. తనంతట తాను మద్యం సేవించి పని స్థలంలోకి ప్రవేశించగా..."

నా వేళ్లు ఆగిపోయాయి.

"సార్," అన్నాను. "డ్యూటీల ఉన్నడు."

ఆయన నా వైపు చూడలేదు. "నువ్వు టైపు చెయ్యి," అన్నాడు.

నేను టైపు చేశాను.

ఎన్నిసార్లు రాసినా ఈ వాక్యం మారదు. నేను టైపు చేశాను. మానవతా దృక్పథంతో సాయం చేస్తున్నామని, ఇకముందు ఏ కోర్టుకూ పోబోమని, అంతా టైపు చేశాను. సాక్షిగా ఆయన సంతకం పెట్టాడు. చనిపోయినతని భార్యను, ఆ పిల్లను, లోపలికి తీసుకొచ్చారు. అందరూ మగవాళ్లు. నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆ పిల్ల పదో తరగతి చదివింది, చదవగలదు. కానీ ఆ కళ్లకు ఆ రోజు అక్షరాలు కనపడుతున్నాయా? నా వైపు వంగి, "అక్కా, గిండ్ల ఏం రాసిన్రు?" అని అడిగింది.

"సంతకం పెట్టు చెల్లె," అన్నాను.

పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన అన్నాడు: "కేసేస్తే ఏండ్లకేండ్లు తిరుగుతదమ్మా ఆ పిల్ల. ఇప్పుడైతే ఏదో ఒకటి చేతికొచ్చె." మా అవ్వ కూడా తిరిగింది కదా, ఏండ్లకేండ్లు. ఆమె వెంట తిరిగింది మీరే కదా. మా బాపు తాగి పడిపోయాడని ఒక కాగితం మీద ఆనాడే మా అవ్వతో సంతకం పెట్టించి ఉంటే మాకూ ఏదో ఒకటి చేతికొచ్చేది కదా. ఇవన్నీ కారులో కూర్చొని మనసులో అనుకున్నాను.

ఆ వారమే ఆఫీసు మానేశాను. కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పంచన సొంత టేబుల్ వేసుకున్నాను. మూడు వారాలకు కాసిపేట బస్సెక్కి ఆ పల్లెకు పోయాను. గడపలోనే నిలబడి, కాగితంలో ఏం ఉందో, హాజరు పుస్తకంలో ఏం ఉందో ఆ పిల్లకు చెప్పాను.

అంతా విన్నది. "మరి ఆనాడెందుకు చెప్పకపోతివి?" అని అడిగింది.

పాపను చంకలోకి ఎత్తుకొని తలుపు మీద చెయ్యి వేసింది.

"నా మొగడు తాగుబోతు కాదు. నువ్వు రాసినవ్ తాగిండని. నీ చేతులతోని రాసినవ్. పో ఇంట్లకెళ్లి," అని తలుపు వేసింది. ఇంట్లోంచి పొమ్మన్నది గానీ, అప్పటికి నేను గడప దాటి లోపలికి పోనే లేదు.

పది రోజుల తర్వాత తనే వచ్చింది, జిరాక్స్ షాపు వెతుక్కుంటూ. పాప చంకలో ఉంది. "ఏం జెయ్యాలె చెప్పు," అంది. అక్కా అనలేదు.

మందమర్రి గని కార్మికుడి కూతురొకామె కొత్తగా వకాలత్ మొదలుపెట్టింది. ఎమ్మెల్యే సంతకం ఉన్న కాగితమని పెద్ద వకీళ్లు చేతులెత్తేస్తే ఆమె తీసుకుంది. పంపు పనివాడొకడు ఆ వారం హాజరు పేజీని ఫోన్లో ఫోటో తీసుకొని ఉన్నాడు. ఆ ఫోటో ఒకటి, నేనొకటి, మా దగ్గరున్నది అంతే. అసలు పుస్తకం ఆ రోజు తర్వాత ఎవరికీ కనపడలేదు.

కేసు నాలుగేళ్లు నడిచింది. ఆ మధ్యలో ఎన్నికలు వచ్చాయి, ఆయన ఓడిపోయాడు. మళ్లీ నల్లకోటు వేసుకొని కోర్టుకు రావడం మొదలుపెట్టాడు. పొద్దున్నే నా టేబుల్ ముందు నుంచే పోయేవాడు. తల తిప్పేవాడు కాదు.

నా వంతు వచ్చిన రోజు బోనెక్కాను. చూసింది చెప్పాను. కాంట్రాక్టరు వకీలు లేచి నిలబడ్డాడు.

"అబద్ధమని తెలిసే టైపు చేసినవా?"

"చేసిన."

హాల్లో గుసగుస. ఆ వకీలు అక్కడితో ఆపి కూర్చుంటే నా మాటకు విలువ పోయేది. అబద్ధం రాసే మనిషినని నా నోటితోనే ఒప్పుకున్నాను కదా. కానీ ఆయనకు గెలుపు రుచి తగిలింది. ఇంకొకటి అడిగాడు.

"ఎందుకు చేసినవ్?"

"చెప్పినాయన మా బాపు కేసు గెలిపించిండు. ఆయన అబద్ధం చెప్పడని పదకొండేండ్లు నమ్మిన. ఆ పుస్తకం ఆయన తెరిచి చూసిండు, నేను చూసిన. టిక్కు ఉండె. ఆయన చెయ్యి దాని మీదనే ఉండె. ఆ చెయ్యిని చూసి నోరు పడిపోయింది."

అది మొత్తం రికార్డుకెక్కింది.

రెండు నెలల తర్వాత వకీలు సాబ్ వంతు. రాజీ కాగితానికి సాక్షి కాబట్టి కాంట్రాక్టరు తరఫున రాక తప్పలేదు. ఎంతోమందిని నిలబెట్టి ప్రశ్నించిన బోనులోకి తానే ఎక్కాడు. కర్ర రెయిలింగు పట్టుకొని నిలబడ్డాడు. వెనక బెంచీలో ఆ పిల్ల ఉంది, నేనున్నాను. ముందు రోజు సాయంత్రం మందమర్రి వకీలమ్మకు చెప్పాను: ఒక్కటే అడుగు, అడిగి కూర్చో.

ఆమె లేచింది. "సార్, ఆ టేబుల్ మీది హాజరు పుస్తకం మీరు తెరిచి చూసిన్రా?"

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. ఆమె వైపు చూశాడు, జడ్జి వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆ మొహంలో మా గచ్చు మీద కూర్చున్న మనిషి కనపడ్డాడు. నేను బెంచీ మీద ముందుకు వంగాను.

"నాకు గుర్తు లేదు," అన్నాడు.

గుర్తు లేదు! మా బాపు గిన్నెలో ఏముందో ఇరవై ఏళ్లు గుర్తుపెట్టుకున్న మనిషి. కక్షిదారుల బర్రెల పేర్లు కూడా చెప్పగలిగే మనిషి. ఏ కేసు ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్లు మూసుకొని చెప్పి నాతో తీయించిన మనిషి. చూశానంటే ఆ పిల్ల గెలిచేది. చూడలేదంటే అబద్ధమైనా అబద్ధంగానైనా నిలబడేది, దాన్ని కొట్టడానికి మాకు చోటుండేది. రెండూ కాకుండా, ఏ కోర్టూ పట్టుకోలేని మాటను ఏరుకున్నాడు. చట్టం ఎరిగిన వాడి పిరికితనం అట్లా ఉంటుంది. ఎక్కడా చిరగదు, మడత కూడా పడదు. వకాలత్ చదివింది ఇందుకేనా అని ఆ హాల్లో నిలబడి అరవాలనిపించింది.

వరండాలో ఎదురుపడ్డాడు. ఇన్నేళ్లకు ఆగాడు.

"బోనుల మంచిగ నిలవడ్డవట," అన్నాడు. గొంతులో వెటకారం లేదు, అదే నన్ను ఇంకా మండించింది. "నిన్ను తయారు చేసింది నేనే కదా బిడ్డా."

"మా బాపు సచ్చి తయారు చేసిండు సార్," అన్నాను. "మీరు కేసు వాదించిన్రు."

ఆయన నోరు తెరిచాడు. అంతలో ఎవరో పాత కార్యకర్త వచ్చి దండం పెట్టాడు. ఆయన మొహం మీదికి చిరునవ్వు దానంతట అదే వచ్చేసింది. ఆ నవ్వుతోనే అటు తిరిగాడు. అదే ఆఖరి చూపు.

కేసు గెలిచాం. ఫోటో నిలబడింది, నా మాట నిలబడింది, రాజీ కాగితం చెల్లదని తీర్పు వచ్చింది. అతను డ్యూటీలోనే చనిపోయాడని రాతలో ఉంది. ఆ పిల్ల తీర్పు కాపీలో ఆ ఒక్క వాక్యం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. నాకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. పోతూ పోతూ, "అక్కా, ఇంకెవ్వరికి గట్ల టైపు చెయ్యకు," అంది.

ఆరు నెలలకు ఆయన పోయాడు.

ఈ సంగతులేవీ అప్పటిదాకా మా అవ్వకు తెలియవు. చెవులు సరిగ్గా వినపడవు, ఇల్లు కదలదు. కోర్టులో ఏం కేసు బిడ్డా అంటే ఏదో కేసు అని దాటేసేదాన్ని. ఆమెకు మిగిలిన ఒక్క మంచి మనిషిని ఆమె దగ్గర్నుంచి గుంజుకోవడానికి చేతులు రాలేదు. చావు కబురు వినగానే, "నన్ను తోల్కపో. ఆయన మొఖం సూడాలె," అని పట్టుబట్టింది. తీసుకుపోయాను. జనంలోంచి దారి చేసుకొని పోయి, ఆయన కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. మా బాపు పోయిన నాడు ఏడ్చినట్టే ఏడ్చింది. నేను దూరంగా గోడ దగ్గర నిలబడ్డాను.

ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"అక్కా, ఆఖరి రోజుల్ల నాన్న మిమ్మల్నే అడిగిండు. రెండు మూడు సార్లు. ఆ టైపు పిల్లను పిలువుండ్రి, ఒక కాయితం రాయించాలె అన్నడు."

"ఏం కాయితం?"

"చెప్పలే. పచ్చ అట్ట పుస్తకం, పచ్చ అట్ట పుస్తకం అనుకుంట కలవరించిండు. జ్వరంల అంటున్నడు అనుకున్నం. మీరొస్తరో రారో అని పిలువలే."

ఈ మాట విన్నవాళ్లు నా కోపం చల్లారి ఉంటుందనుకుంటారు. పోయే ముందు మనిషి తెలుసుకున్నాడు కదా అంటారు. అది విన్నాకే నా కోపం రెండింతలైంది. గుర్తుందన్నమాట. అట్ట రంగుతో సహా గుర్తుందన్నమాట. కోర్టులో ఆ రోజు ఎదురుగా జడ్జి ఉన్నాడు, ఆ పిల్ల ఉంది, రాసుకునే మనిషి కాగితం మీద పెన్ను పెట్టుకొని ఉన్నాడు. "చూసిన" అని మూడు అక్షరాలు. అప్పుడు నోరు పెగలలేదు. ఎవరికీ పనికిరానప్పుడు, మంచం మీద, కేసు అయిపోయాక, తన మనసు కడుక్కోవడానికి మళ్లీ నా వేళ్లే కావలసి వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు బల్ల మీద కూర్చున్నాం. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఆ పిలగాడు ఏమన్నడే నీతోని?" అని అడిగింది.

ఇక దాయలేకపోయాను. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా, మొదటి నుంచీ చెప్పాను. జీపులు, పుస్తకం మీద చెయ్యి, నేను టైపు చేసింది, ఆ పిల్ల సంతకం, గుర్తు లేదన్నది. పక్క బల్ల మీది వాళ్లు కూడా వింటున్నారు. విననీ అనుకున్నాను.

అవ్వ చేతిలోని కొంగు ఒళ్లో పడిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది. అట్లాంటి చూపు ఆమె కళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

"గిదంతా ఎరికుండి," అంది, "నన్నెందుకు ఆయన కాళ్లు మొక్కనిచ్చినవ్?"